కోడ్‌ను వెతికే ఫంక్షన్లకు పేరు పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం పదిమందిమి కూర్చుంటాం. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు కొందరు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు కొందరు. రాజాం నుంచి, శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. మేం చదివేది కంపైలర్ల గురించి, ముఖ్యంగా సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని చదివే క్లాంగ్ కంపైలర్‌లో ఉన్న మ్యాచర్ల లైబ్రరీ గురించి. సొంత మ్యాచర్లు రాయడం పిల్లలు నెల తిరిగేసరికి నేర్చేసుకుంటున్నారు. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తోచింది పెట్టేసి ముందుకెళ్లిపోతున్నారు. నాకు భయం అక్కడే. అందుకే వాళ్లు అడిగిన ప్రశ్నలూ నేను చెప్పిన జవాబులూ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక్క మాట. ఫంక్షన్ల పేర్లను మనం నోటితో అనేటట్టు తెలుగు అక్షరాల్లో రాశాను. కోడ్‌లో అవి ఇంగ్లీష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటాయి.

## మ్యాచర్ అంటే ఏమిటి? గ్రెప్ ఉండగా ఇదెందుకు?

పాత సీ కోడ్‌లో స్ట్రింగ్‌ని కాపీ చేసే స్ట్ర్‌కాపీ ఫంక్షన్‌ని పిలిచిన చోట్లన్నీ కావాలనుకోండి. గ్రెప్ (ఫైళ్లలో అక్షరాలని వెతికే కమాండ్) కొడితే కామెంట్‌లో రాసినదీ వస్తుంది, కోట్స్ మధ్య ఉన్నదీ వస్తుంది, మై_స్ట్ర్‌కాపీ కూడా వస్తుంది. కంపైలర్‌కి ఆ గందరగోళం లేదు. అది కోడ్‌ను చదివి ఒక చెట్టుగా కట్టుకుంటుంది. దాన్నే ఏఎస్‌టీ అంటాం. ఆ చెట్టులో మనకు కావాల్సిన కొమ్మ, అంటే నోడ్, ఎలా ఉంటుందో వర్ణించి చెప్పే ఫంక్షనే మ్యాచర్. స్ట్ర్‌కాపీ కాల్స్ కావాలంటే ఇలా రాస్తాం:

కాల్‌ఎక్స్‌పర్(కాలీ(ఫంక్షన్‌డెక్ల్(హ్యాజ్‌నేమ్("స్ట్ర్‌కాపీ"))))

క్లాంగ్ లైబ్రరీ వీటిని మూడు రకాలుగా చూస్తుంది. కాల్‌ఎక్స్‌పర్, ఫంక్షన్‌డెక్ల్ లాంటివి నోడ్ మ్యాచర్లు, అది ఏ రకం కొమ్మో చెబుతాయి. హ్యాజ్‌నేమ్ లాంటివి నారోయింగ్ మ్యాచర్లు, ఉన్న కొమ్మకే ఇంకో షరతు పెడతాయి. కాలీ లాంటివి ట్రావర్సల్ మ్యాచర్లు, ఇక్కడి నుంచి సంబంధం ఉన్న మరో కొమ్మకి తీసుకెళ్తాయి. మీరు రాసే మ్యాచర్ ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా పేరు ఆలోచించకండి.

## కామెంట్ వివరంగా రాస్తే సరిపోదా? పేరు ఏదైతేనేం?

నేనూ అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదట్లో మా టీమ్ కోసం హ్యాజ్‌కాల్‌టు అనే మ్యాచర్ రాశాను. ఒక ఫంక్షన్ బాడీలో ఫలానా కాల్ ఉందా లేదా అని చెప్పాలి. నేను రాసినది మాత్రం బాడీలో నేరుగా ఉన్న స్టేట్‌మెంట్లనే చూసేది. ఇఫ్ లోపల, ఫర్ లోపల ఉన్న కాల్‌ని చూసేది కాదు. ఆ సంగతి ఫంక్షన్ పైన కామెంట్‌లో రెండు లైన్లలో శుభ్రంగా రాశాను కూడా.

ఇంకో టీమ్ వాళ్లు దాన్ని తీసుకుని, స్ట్ర్‌కాపీ వాడిన ఫంక్షన్లను పట్టుకునే చెక్ రాసుకున్నారు. చెక్ నడిపితే చాలా ఫైళ్లలో సున్నా వచ్చింది. కోడ్ శుభ్రంగా ఉందనుకుని వదిలేశారు. నిజానికి స్ట్ర్‌కాపీలు ఉన్నాయి, అన్నీ ఇఫ్‌ల లోపల. కొన్ని నెలల తర్వాత ఒకరు చేత్తో చదువుతూ కనిపెట్టారు.

కామెంట్ రాసింది నా ఫైల్లో. వాళ్లు చదివింది వాళ్ల ఫైల్లో ఉన్న ఒక్క లైన్‌ని. ఆ లైన్‌లో వాళ్లకి కనిపించేది పేరొక్కటే. "ఈ కాల్ ఉందా" అని పేరు అడిగింది, "పైపైన ఉందా" అని ఫంక్షన్ చూసింది. మామూలు ఫంక్షన్‌కి పేరు తప్పితే ఎక్కడో ఒకచోట క్రాష్ అయినా అవుతుంది, టెస్ట్ అయినా పోతుంది. మ్యాచర్ తప్పితే ఏమీ జరగదు. దొరకాల్సింది దొరకదు, అంతే. దొరకనిదాన్ని ఎవరు వెతుకుతారు?

## పెట్టిన పేరు బాగుందో లేదో తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

ఉంది. తెలుగులో చదవండి.

ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి, మన భాష వల్ల దొరికింది. పైన రాసిన మ్యాచర్‌ని ఇంగ్లీష్‌లో బయటి నుంచి లోపలికి చదువుతారు. తెలుగులో లోపలి నుంచి బయటికి చదువుతాం: "స్ట్ర్‌కాపీ అనే పేరున్న ఫంక్షన్‌ని పిలిచే కాల్". బ్రాకెట్లు ఏ వరుసలో మూసుకుంటాయో మన వాక్యం అదే వరుసలో కట్టుకుంటుంది. అలా చదివేటప్పుడు ప్రతి మ్యాచర్ పేరూ ఒక విశేషణంగా మారాలి. హ్యాజ్‌తో మొదలైతే "ఉన్న". ఈజ్‌తో మొదలైతే "అయిన". ఇగ్నోరింగ్ అయితే "వదిలేసి". ఫర్‌ఈచ్ అయితే "ప్రతి". అన్‌లెస్ అయితే "కాని" లేదా "లేని".

మా దగ్గరికి వచ్చే ఒకబ్బాయి చెక్‌లూప్ అని పేరు పెట్టుకొచ్చాడు. "తెలుగులో చదువు నాన్నా" అన్నాను. "లూప్... లూప్ ఉన్న ఫంక్షన్" అన్నాడు. పక్కనున్న అమ్మాయి "కాదక్కా, లూప్‌లో ఉన్న కాల్ అనుకున్నాను నేను" అంది. వెనక నుంచి ఇంకొకరు "లూప్ అయిన స్టేట్‌మెంట్ అని కాదా?" అన్నారు. ఒక్క పేరు, మూడు అర్థాలు, ముగ్గురూ చదువుకున్నవాళ్లే.

ఏం జరిగిందో చూడండి. చెక్‌లూప్ అన్న పేరులో విభక్తి లేదు. ఇంగ్లీష్‌లో రెండు మాటలు పక్కపక్కన పెట్టేస్తే పేరైపోతుంది, వాటి మధ్య సంబంధం చెప్పకపోయినా ఎవరూ అడగరు. తెలుగులో అలా కుదరదు. లూప్‌నా, లూప్‌లోనా, లూప్‌తోనా, లూపేనా అన్నది తేల్చకుండా వాక్యం ముందుకి కదలదు. నోరు ఎక్కడ ఆగిందో పేరులో లోటు అక్కడే ఉంది. ఆ అబ్బాయికి కావాల్సింది రెండోది. ఈజ్‌ఇన్‌సైడ్‌లూప్ అని మార్చాడు, "లూప్ లోపల ఉన్న కాల్" అని ఇబ్బంది లేకుండా చదివాడు.

చెక్, ప్రాసెస్, హ్యాండిల్ అనే మాటలు మ్యాచర్ పేర్లలో ఎప్పుడు కనిపించినా అనుమానించండి. ఫంక్షన్ పేరు క్రియలా ఉండాలని, క్లాంగ్ కూడా భాగమైన ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్ట్ కోడింగ్ నియమాల్లో ఉంది, మామూలు ఫంక్షన్లకి అది మంచి నియమమే. మ్యాచర్ పేరు మాత్రం చేసే పనిని చెప్పదు, కావాల్సిన కొమ్మని వర్ణిస్తుంది. అందుకే అక్కడ వార్‌డెక్ల్ లాంటి నామవాచకాలూ, హ్యాజ్, ఈజ్ లాంటి మొదళ్లూ నప్పుతాయి.

## హ్యాజ్, హ్యాజ్‌డిసెండెంట్, ఫర్‌ఈచ్, ఫర్‌ఈచ్‌డిసెండెంట్, ఫైండ్‌ఆల్: ఇన్ని ఎందుకు? తేడా ఏటి?

"ఏటి?" అని అడిగిన పిల్ల మాట అలాగే ఉంచాను. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి నిదానంగా చెబుతాను.

మనకి చుట్టరికాలు బాగా తెలుసు. "ఆయనకి పిల్లలున్నారా" అని అడగడం వేరు, "ఆయన వంశంలో డాక్టర్లున్నారా" అని అడగడం వేరు. మొదటిది సొంత పిల్లల వరకే. రెండోది మనవలూ మునిమనవలూ ఎంత దూరమైనా. హ్యాజ్ అన్నది మొదటి ప్రశ్న, చెట్టులో ఒక్క మెట్టు కిందకే చూస్తుంది. హ్యాజ్‌డిసెండెంట్ రెండోది, అడుగు దాకా వెళ్తుంది. నా పాత హ్యాజ్‌కాల్‌టు చేసిన తప్పు ఇదే. పిల్లల్ని మాత్రమే చూసి వంశం మొత్తం గురించి జవాబు చెప్పింది.

ఇది లోతు సంగతి. ఎన్నిసార్లు అన్నది ఇంకో సంగతి. హ్యాజ్‌డిసెండెంట్‌కి ఒక్కటి దొరికితే చాలు, "ఉంది" అనేసి ఆగిపోతుంది. ఫర్‌ఈచ్‌డిసెండెంట్ అలా ఆగదు. పది దొరికితే పది ఫలితాలు ఇస్తుంది. ఒక ఫంక్షన్‌లో ఉన్న అన్ని గోటూలనీ చూపించాల్సిన చోట హ్యాజ్‌డిసెండెంట్ వాడితే ఒక్కటే చూపిస్తుంది. యూజర్ దాన్ని సరిచేసుకుని మళ్లీ నడిపితే ఇంకొకటి వస్తుంది, విసుగొస్తుంది. ఫర్‌ఈచ్ కూడా అన్నిటినీ ఇస్తుంది, సొంత పిల్లల వరకే.

మూడో సంగతిని చాలామంది గమనించరు. తనని తాను లెక్కలో వేసుకోవాలా వద్దా? వంశం అన్నప్పుడు మూలపురుషుడు కూడా అందులో ఉన్నట్టా? ఫర్‌ఈచ్‌డిసెండెంట్ కింద ఉన్నవాళ్లనే చూస్తుంది. ఫైండ్‌ఆల్ తనతో కలిపి చూస్తుంది. ఇక్కడ నాకు చిన్న అసంతృప్తి ఉంది. ఫైండ్‌ఆల్ అన్న పేరు చదివితే "తనతో సహా" అన్న ముఖ్యమైన ముక్క బయటపడదు, డాక్యుమెంట్ చదివితేనే తెలుస్తుంది. క్లాసుల దగ్గర అదే సంగతిని చాలా బాగా చెప్పారు. ఈజ్‌డిరైవ్డ్‌ఫ్రమ్ అంటే ఆ క్లాస్ నుంచి పుట్టినవి, ఆ క్లాస్ కాదు. ఈజ్‌సేమ్‌ఆర్‌డిరైవ్డ్‌ఫ్రమ్ అంటే ఆ క్లాస్ కూడా. ఈజ్‌డైరెక్ట్‌లీడిరైవ్డ్‌ఫ్రమ్ అంటే ఒక్క తరమే. పొడుగ్గా ఉన్నాయి, నిజమే. కానీ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏది కావాలో డాక్యుమెంట్ తెరవకుండానే తెలిసిపోతుంది.

కాబట్టి చెట్టులో కిందకి వెళ్లే మ్యాచర్ ఏది రాసినా పేరు పెట్టేముందు మూడు అడగండి. ఎంత లోతు? ఒక్కటా, అన్నీనా? తనతో కలిపా, కలపకుండానా?

## అన్‌లెస్ ఎందుకు? నాట్ అని పెడితే తేలిక కదా?

సీ ప్లస్ ప్లస్‌లో నాట్, అండ్, ఆర్ అనేవి భాష తనకోసం ఉంచుకున్న మాటలు. ఆశ్చర్యార్థకం గుర్తు బదులు నాట్ అని రాసినా కంపైలర్ ఒప్పుకుంటుంది. ఆ పేరుతో మీరు ఫంక్షన్ రాయలేరు. అందుకే అన్‌లెస్, ఆల్‌ఆఫ్, ఎనీఆఫ్.

దీనికి అనుబంధంగా ఒకటి. ఈజ్‌నాట్‌కాన్‌స్ట్ లాంటి వ్యతిరేక పేర్లు పెట్టకండి. ఎవరో ఒకరు దాన్ని అన్‌లెస్ లోపల పెడతారు, అప్పుడు "కాన్‌స్ట్ కానిది కానిది" అని చదువుకోవాలి. ఈజ్‌కాన్‌స్ట్ అని పెట్టి కావాల్సినవాళ్లని అన్‌లెస్ చుట్టుకోనివ్వండి.

## కంపైలర్ లోపల వాడే పేరే వాడాలా, అందరికీ అర్థమయ్యే మామూలు మాట వాడాలా?

మా శ్రీకాకుళం వైపు "గుంటెక్కడుంది?" అంటే పాప ఎక్కడుంది అని. గుంటూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన మా వదిన మొదటిసారి ఆ మాట విన్నప్పుడు గుమ్మం ముందు గొయ్యి ఉందేమోనని కిందకి చూసింది. మాట ఒక్కటే, ఊరు మారితే వస్తువు మారింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం తేల్చుకోవాలి.

క్లాంగ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. చెట్టులో రికార్డ్‌డెక్ల్ అని ఒక నోడ్ ఉంది, సీఎక్స్‌ఎక్స్‌రికార్డ్‌డెక్ల్ అని మరొకటి ఉంది. మొదటిది సీ స్ట్రక్ట్‌కీ వర్తిస్తుంది, రెండోది సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నవాటికే. మ్యాచర్ల లైబ్రరీలో మాత్రం చాలాకాలం రికార్డ్‌డెక్ల్ అన్న మ్యాచర్ రెండో నోడ్‌ని పట్టేది. మెథడ్‌డెక్ల్, న్యూఎక్స్‌పర్, త్రోఎక్స్‌పర్ అన్నీ అలాగే ముందున్న సీఎక్స్‌ఎక్స్ తీసేసిన పొట్టి పేర్లు. చదవడానికి తేలిక. కానీ చెట్టులో ఒక పేరు, మ్యాచర్‌కి ఒక పేరు. 2016 మార్చిలో వచ్చిన క్లాంగ్ 3.8లో వాటన్నిటినీ నోడ్ పేర్లకి సరిపోయేలా మార్చేశారు. పాత కోడ్ కంపైల్ కాదని తెలిసే మార్చారు, విడుదల నోట్స్‌లో ఆ సంగతి స్పష్టంగా రాశారు.

నాకు అది సరైన నిర్ణయమనిపిస్తుంది. "వాడుక మాట పెట్టాలి కదా అక్కా, మన గిడుగు వారు చెప్పింది అదే కదా" అని ఒకబ్బాయి నాతో వాదించాడు. గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన వాడుక భాష కోసం పోరాడిన నేల మీద కూర్చుని ఆ మాట కొట్టిపారేయలేను. కానీ వాడుక అంటే ఎవరి వాడుక? మ్యాచర్ రాసేవాళ్లు చేసే మొదటి పని ఏఎస్‌టీ డంప్ తీయడం, అంటే ఆ చెట్టుని స్క్రీన్ మీద అచ్చు వేయించుకోవడం. స్క్రీన్ మీద సీఎక్స్‌ఎక్స్‌మెంబర్‌కాల్‌ఎక్స్‌పర్ అని కనిపిస్తుంది. ఆ మాట చూసి, అదే మాట కోసం లైబ్రరీలో వెతుకుతారు. వాళ్లకి డంప్‌లో కనిపించే మాటే వాడుక భాష. నోడ్ మ్యాచర్ అయితే నోడ్ పేరే, అక్షరం మార్చకుండా. నారోయింగ్, ట్రావర్సల్ మ్యాచర్లకి మాత్రం మనిషి మాట్లాడే మాట వెతకండి. హ్యాజ్‌కండిషన్, హ్యాజ్‌ఎల్స్, హ్యాజ్‌ఇనిషియలైజర్ ఎంత హాయిగా ఉన్నాయో చూడండి.

## పేరు ఎంత పొడుగుండొచ్చు?

కొలత నా దగ్గర లేదు. ఒక ముక్క తీసేస్తే అర్థం మారుతుందా అని చూస్తాను. మారితే ఆ ముక్క ఉండాల్సిందే.

ఈజ్‌ఎక్స్‌పాన్షన్‌ఇన్‌సిస్టమ్‌హెడర్ అని ఒక మ్యాచర్ ఉంది. ఎక్స్‌పాన్షన్ తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. తీసేయండి, ఇప్పుడు మాక్రోల సంగతి ఏమిటి? సిస్టమ్ హెడర్‌లో రాసిన మాక్రోని మన ఫైల్లో వాడితే అది సిస్టమ్ హెడర్‌లో ఉన్నట్టా, మన ఫైల్లో ఉన్నట్టా? మాక్రో విచ్చుకున్న చోటే లెక్క అని ఆ ఒక్క మాట చెబుతోంది. దాని బరువు అది మోస్తోంది.

హ్యాజ్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. సీ కోడ్‌లో మనం ఒక ఇంట్‌ని లాంగ్ ఉండాల్సిన చోట ఇస్తే కంపైలర్ మధ్యలో కంటికి కనిపించని ఒక మార్పిడి నోడ్ పెడుతుంది. హ్యాజ్, హ్యాజ్‌ఎనీఆర్గ్యుమెంట్ అనే మ్యాచర్లు ఒకప్పుడు ఆ నోడ్లనీ, బ్రాకెట్లనీ తమంతట తామే దాటేసేవి. యూజర్ మీద దయతో చేసిన పనే అది. కానీ పేరులో ఆ మాట లేదు, ఆ మార్పిడి నోడ్‌నే పట్టుకోవాలనుకున్నవాళ్లకి దారి మూసుకుపోయింది. 2016లో ఆ దాటడం తీసేశారు. కావాల్సినవాళ్లు ఇగ్నోరింగ్‌పేరెన్‌ఇంప్‌కాస్ట్స్ అని బయటికి రాసుకోవాలి. పేరు వికారంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ "బ్రాకెట్లూ కనిపించని మార్పిడులూ వదిలేసి" అని ఇప్పుడు లైన్‌లోనే కనిపిస్తోంది.

మరీ పొట్టివి కూడా ఉన్నాయి: ఆన్, టు. వాక్యంలో పెడితే బాగానే చదవొచ్చు. కానీ పెద్ద ఫైల్లో "ఆన్" కోసం వెతికి చూడండి, ఎన్ని వందలు వస్తాయో. మన సొంత లైబ్రరీలకి కనీసం రెండు మాటలు పెట్టుకోవడం మేలు.

## పేరు పక్కన అంకె వస్తే?

పలాసలో జీడిపప్పు కొన్నారా? గుండు, బద్ద వేరుచేశాక గుండుని మళ్లీ గ్రేడ్లు చేస్తారు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని డబ్బాల మీద ఉంటుంది. తెలియనివాళ్లు 320 పెద్ద గింజ అనుకుంటారు. ఆ అంకె పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే లెక్క, కాబట్టి 320 చిన్న గింజ. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ పొరపడరు. బయటివాళ్లు పొరపడతారు, ఎందుకంటే దేని లెక్కో పేరులో లేదు.

హ్యాజ్‌ఆర్గ్యుమెంట్(1, ...) అంటే రెండో ఆర్గ్యుమెంట్, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి. ఆర్గ్యుమెంట్‌కౌంట్‌ఈజ్(1) అంటే ఒకే ఒక్క ఆర్గ్యుమెంట్. రెండిట్లోనూ ఒకటే అంకె. రెండో పేరులో కౌంట్ అన్న మాట ఉంది కాబట్టి ఎవరూ తికమకపడరు. అంకె తీసుకునే మ్యాచర్ రాస్తే ఆ అంకె స్థానమా, సంఖ్యా, సైజా అన్నది పేరులోనే చెప్పేయండి.

## ఎల్‌ఎల్‌వీఎం లోపల ఎం_ తో మొదలయ్యే పేర్లున్నాయి. అవి కూడా ఇలాంటివేనా?

పని అలాంటిదే, చోటు వేరు. అవి సోర్స్ కోడ్ చెట్టుని కాకుండా, దాన్నుంచి తయారయ్యే ఎల్‌ఎల్‌వీఎం ఐఆర్ (సోర్స్ కోడ్‌కీ మెషిన్ కోడ్‌కీ మధ్య రూపం) ఇన్‌స్ట్రక్షన్లని పట్టుకుంటాయి. ఎం_యాడ్ కూడికని పట్టుకుంటుంది, అదీ మీరు రాసిన వరుసలోనే. ఎ ప్లస్ బి కోసం రాస్తే బి ప్లస్ ఎ దొరకదు. రెండు వరుసలూ కావాలంటే ఎం_సి_యాడ్. ఆ ఒక్క సి అక్షరం కమ్యుటేటివ్ అన్న మాటకి గుర్తు. ఒక్క అక్షరం మీద అంత భారం పెట్టడం నాకు నచ్చదు. అయితే ఎం_సి_మల్, ఎం_సి_అండ్, ఎం_సి_ఆర్ అన్నిటా అదే పద్ధతి, ఎక్కడా తప్పలేదు. ఒకసారి నేర్చుకుంటే అంతటా పనికొస్తుంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఎం_స్పెసిఫిక్. ఒక విలువని దానితోనే కూడుతున్న చోట్లు కావాలనుకుందాం, ఎక్స్ ప్లస్ ఎక్స్ లాంటివి. కొత్తవాళ్లు ఎం_యాడ్(ఎం_వేల్యూ(ఎక్స్), ఎం_స్పెసిఫిక్(ఎక్స్)) అని రాస్తారు. చదివితే ఎంత సరిగ్గా ఉందో చూడండి: మొదటిది ఏదైనా విలువ, దాన్ని ఎక్స్ అనుకో, రెండోది అదే ఎక్స్. కానీ తప్పు. ఎం_స్పెసిఫిక్ ఎక్స్ విలువని ఈ ప్యాటర్న్‌ని తయారుచేసేటప్పుడే తీసేసుకుంటుంది, అప్పటికి ఎం_వేల్యూ ఇంకా ఏమీ పట్టలేదు. పాత చెత్త విలువతో పోల్చుకుంటుంది. ఇక్కడ వాడాల్సింది ఎం_డిఫర్డ్, పోల్చాల్సిన క్షణం వరకూ ఆగి అప్పుడు ఎక్స్‌ని చూస్తుంది. ఆ హెడర్ ఫైల్లో కామెంట్‌గా ఈ ఉదాహరణే రాసి హెచ్చరించారు. డిఫర్డ్ అన్న పేరు ఎప్పుడు చూస్తుందో చెబుతోంది. స్పెసిఫిక్ అన్న పేరు దేన్ని చూస్తుందో చెప్పింది, ఎప్పుడన్నది చెప్పలేదు. ఆ ఒక్క లోటు దగ్గరే మనుషులు పడుతున్నారు.

సున్నా దగ్గర కూడా ఆగి చూడండి. ఎం_జీరోఇంట్ పూర్ణాంకం సున్నాని పడుతుంది. ఎం_జీరో నల్ పాయింటర్‌ని కూడా పడుతుంది. ఎం_ఎనీజీరోఎఫ్‌పీ అంటే దశాంశాల్లో ప్లస్ సున్నా, మైనస్ సున్నా రెండూ. ఎనీ అన్న మాట ఉండబట్టే సున్నా రెండు రకాలుందన్న సంగతి గుర్తొస్తుంది.

## మ్యాచర్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చా?

సీ ప్లస్ ప్లస్ తెలుగు అక్షరాలతో పేర్లని ఒప్పుకుంటుంది, గుణింతాలూ ఒత్తులూ సహా. సొంతంగా ఆడుకునే ప్రాజెక్ట్‌లో పెట్టుకోండి, ఆనందంగా ఉంటుంది. ఒక చిక్కుంది. ఈ పేజీలో నేను హ్యాజ్‌నేమ్ అని రాసినప్పుడు జ్‌కీ నేకీ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం టైప్ చేశాను, లేకపోతే రెండూ ఒత్తుగా కలిసిపోతాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. సీ ప్లస్ ప్లస్ 23లోని నియమం ఆ అక్షరాన్ని పేర్లలో ఒప్పుకోదు. నలుగురూ వాడే లైబ్రరీకి మాత్రం ఇంగ్లీష్ పేరే పెట్టండి. తెలుగుని పేరు పరీక్షించడానికి వాడండి.

## పెట్టేసిన పేరు తప్పని తర్వాత తెలిసింది. అందరూ వాడేస్తున్నారు. ఇప్పుడేం చేయాలి?

ముందు చేయకూడనిది చెబుతాను. పేరు అలాగే ఉంచి పని మార్చేయకండి. నా హ్యాజ్‌కాల్‌టుని లోతుగా చూసేలా మార్చేస్తే సరిపోతుందని నాకూ అనిపించింది. కానీ పైపైన మాత్రమే చూస్తుందని తెలిసి, దాని మీదే ఆధారపడి రాసిన చెక్‌లు మా దగ్గరే రెండున్నాయి. వాటి ఫలితాలు చెప్పకుండా మారిపోయేవి.

కొత్త పేరుతో కొత్త ఫంక్షన్ రాయండి. పాతదాన్ని ఉంచి, లోపల కొత్తదాన్ని పిలిచేలా చేసి, డెప్రికేటెడ్ అని గుర్తు పెట్టండి. సీ ప్లస్ ప్లస్ 14 నుంచి దానికి ప్రత్యేకమైన అట్రిబ్యూట్ ఉంది, వాడినవాళ్లకి కంపైలరే హెచ్చరిక ఇస్తుంది, అందులో కొత్త పేరు కూడా రాయొచ్చు. క్లాంగ్ క్వెరీ (మ్యాచర్లని టైప్ చేసి అప్పటికప్పుడు నడిపి చూసే టూల్) లో టైప్ చేసే మ్యాచర్లు కంపైల్ అయ్యే కోడ్ కాదు, అక్కడ పేరు ఒట్టి టెక్స్ట్. కాబట్టి ఆ టూల్ పేర్లు వెతుక్కునే జాబితా అయిన రిజిస్ట్రీలో కూడా రెండు పేర్లూ కొంతకాలం ఉంచాలి. క్లాంగ్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఒక స్టేట్‌మెంట్ ఏ ఫంక్షన్‌కి చెందిందో చెప్పే ఫర్‌ఫంక్షన్ అనే మ్యాచర్ బ్లాకుల దగ్గరా, ఆబ్జెక్టివ్ సీ మెథడ్ల దగ్గరా సరిపోలేదు. దాన్ని పీకేయకుండా వాడొద్దని డాక్యుమెంట్‌లో రాసి, ఫర్‌కాలబుల్ అని పక్కనే ఇంకొకటి పెట్టారు.

నా మ్యాచర్‌ని చివరికి రెండుగా విడగొట్టాను. పైపైన చూసేదానికి హ్యాజ్‌టాప్‌లెవెల్‌కాల్‌టు, లోతుగా చూసేదానికి హ్యాజ్‌డిసెండెంట్‌కాల్‌టు. పాత పేరు మొదటిదాన్ని పిలుస్తుంది, హెచ్చరిక ఇస్తుంది. ఇదంతా పోయిన నెల మేడ మీద బోర్డు మీద రాసి చూపిస్తుంటే శ్రీకాకుళం నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, ఫంక్షన్ లోపల లాంబ్డా, అదే పేరు లేని చిన్న ఫంక్షన్, ఉందనుకోండి. కాల్ ఆ లాంబ్డా లోపల ఉంది. హ్యాజ్‌డిసెండెంట్ దాన్ని కూడా పడుతుంది కదా. కానీ ఫంక్షన్ నడిచినప్పుడు ఆ కాల్ జరుగుతుందని ఏముంది?" అంది. నిజమే, నేను దాన్ని చూసుకోలేదు. ఆ మధ్యాహ్నం అందరం కలిసి ఫర్‌కాలబుల్‌తో మూడోది రాశాం. హ్యాజ్‌కాల్‌ఇన్‌ఓన్‌బాడీ అన్న పేరు ఆ అమ్మాయే పెట్టింది. తెలుగులో చదివి చూశాం: "తన సొంత బాడీలో కాల్ ఉన్న ఫంక్షన్". లాంబ్డాది దాని సొంత బాడీ కాబట్టి బయటే ఉండిపోయింది.